కొలతలు మారే మనిషి

కొట్టు నుంచి,
వానలు మొదలైన వారం

పెద్దక్కకు,

నమస్కారం. బావ తుంటి ఎముక అతుక్కుంటున్నందుకు సంతోషం. మంచం మీద నుంచే ఇల్లంతా ఏలుతున్నాడని రాశావు. నడిచే రోజుల్లో ఏలింది నువ్వే గనక ఇప్పుడు ఆయన వంతు అనుకో. ఆయన లేచి తిరిగేదాకా నువ్వు గడప దాటలేవని నాకు తెలుసు. నన్ను చూడ్డానికి రాలేదని నేనేమీ అనుకోను.

ఇక్కడ పని తక్కువ. ఇప్పుడందరూ కుట్టిన బట్టలే కొనుక్కుంటున్నారు. పెద్ద పొట్టలవాళ్ళు, పొట్టి చేతులవాళ్ళు, దుకాణాల్లో దొరికేవి ఒంటికి పట్టని వాళ్ళే నా దగ్గరికి వస్తారు. అలాంటి ఒకాయన గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

మధ్యాహ్నం షట్టరు సగం దించి, కత్తిరించే బల్ల పక్కన నడుం వాల్చడం నాకు అలవాటు కదా. మొన్న కళ్ళు తెరిచేసరికి ఎదురు స్టూలు మీద ఒకాయన కూర్చున్నాడు. షట్టరు చప్పుడు నాకు వినిపించలేదు. వంగి లోపలికి రావాల్సినంత కిందికి ఉంది అది. నా వయసే ఉంటుంది. కోటు కావాలన్నాడు. పెళ్ళికా అని అడిగాను. ప్రయాణానికి అన్నాడు. గుడ్డ తెచ్చారా అంటే, నేను ఎప్పటినుంచో నాకోసం దాచుకున్న బూడిద రంగు గుడ్డ వైపు చూశాడు. అదెక్కడుందో ఆయనకెలా తెలిసిందో మరి.

కొలతలు తీసుకున్నాను. వింత శరీరం అక్కా. భుజాలు జారిపోయాయి, చేతులు ఎండిపోయాయి. కానీ కడుపు మాత్రం ముందుకొచ్చింది. తిని పెంచిన బొజ్జ పక్కటెముకల కిందనుంచే మొదలవుతుంది, అలాంటివి నేను ఎన్నో చూశాను. ఈయనది బొడ్డు కింద పుట్టి పైకి ఎక్కుతోంది. పేరు చెప్పలేదు. గుడ్డకు కట్టే చీటీ మీద ‘మధ్యాహ్నం ఆయన’ అని రాసుకున్నాను.

నేను బాగానే ఉన్నాను. కొంచెం జలుబు, అంతే.

నీ తమ్ముడు,
సూది


మా ఇంటి నుంచి,
బావ నిద్రపోతున్న వేళ

సూదిగాడికి,

దీవెనలు. ఎన్ని సంబంధాలు చూపించినా కొలతలు కుదరలేదని తప్పించుకున్న పెద్దమనిషివి, ఇప్పుడు ఒక మగాడి కొలతలు తలుచుకుంటూ కూర్చున్నావన్నమాట. బావకు చదివి వినిపించాను. నవ్వితే తుంటి నొప్పెడుతోందని నన్నే తిట్టాడు.

నవ్వులకేం గాని, నీ మధ్యాహ్నం ఆయన నాకు నచ్చలేదు. వార్డులో నర్సుగా అన్నేళ్ళు పనిచేసిన కళ్ళు ఇవి. చేతులు ఎండి కడుపు పెరిగిన మనిషిని చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది కోటు కాదు. కళ్ళు పచ్చగా ఉన్నాయా? పాదాలు వాచాయా? తాగుతాడా? ఈసారి వస్తే కొంచెం గమనించి రాయి. ప్రయాణం ఎక్కడికో కూడా అడుగు. గమ్యం చెప్పని ప్రయాణాల మాట వింటే నాకు గుబులు.

నీ జలుబుకు మందుల షాపువాడు ఇచ్చిందల్లా మింగకు. ఫోను పెట్టించుకోమంటే, పెట్టించుకుంటే నేను అరుస్తానంటావు. అరుస్తాను, నిజమే. ఇంకెవరున్నారు నీ మీద అరవడానికి?

పెద్దక్క


కొట్టు నుంచి,
వానలు పట్టుకున్నాక

పెద్దక్కకు,

నువ్వడిగినవన్నీ చూశాను. కళ్ళు పచ్చగా లేవు. మొహం మాత్రం మట్టి రంగుకు తిరిగింది. పాదాలు వాచాయి, చెప్పుల పట్టీ గుర్తు చర్మంలో దిగి ఉంది. తాగడు. ఒళ్ళంతా గోక్కుంటూ ఉంటాడు, పైకి చూస్తే ఒక్క పొక్కు కూడా లేదు. ఎక్కిళ్ళు మొదలైతే ఆగవు. నీళ్ళిచ్చాను, ముట్టుకోలేదు. తాగితే మళ్ళీ లేవాల్సి వస్తుందన్నాడు.

అదొకటుంది, ఎలా రాయాలో తెలియడం లేదు. ఆయన మాటిమాటికీ ఒకటికి వెళ్తాడు. కొట్టు వెనక దొడ్డి తెలుసుగా, దారి నేను చూపించలేదు, తనే వెళ్ళాడు. చాలాసేపు నిలబడతాడు. బొట్లు పడిన చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తుంది, తర్వాత ఏమీ వినిపించదు. తిరిగొచ్చిన మొహంలో తృప్తి ఉండదు. కొంచెం సేపటికి మళ్ళీ వెళ్తాడు. నిద్రలో పక్క కూడా తడుస్తోందట. ఇన్నిసార్లు వెళ్తున్నాడంటే అడ్డేమీ లేనట్టే కదా. చక్కెర జబ్బేమో అనుకున్నాను.

భయపెట్టేది అది కాదు. మొదటి ట్రయలుకు కోటు తొడిగాను. భుజాలు వేలాడాయి, బొత్తాం కలవలేదు. నేను కొలత తప్పే మనిషినా అక్కా? మళ్ళీ టేపు పట్టాను. భుజం తగ్గింది, నడుము పెరిగింది. ఆ మర్నాడు ఇంకా మారింది. నేను కత్తిరించేలోపే ఆయన మారిపోతున్నాడు. ఇలాంటి ఒంటికి కోటు ఎలా కుట్టాలో మా గురువు నేర్పలేదు.

నాకూ వయసు మీద పడింది. ప్యాంట్ల నడుము కుట్లు విప్పి వదులు చేసుకున్నాను. టీ నోట్లో పోసుకుంటే కత్తెర చప్పరించినట్టుంది. సూదిలో దారం ఎక్కించబోతే చేయి దానంతటదే ఎగిరిపడుతోంది. పక్క కొట్టు ఇస్త్రీ ఆయన నిన్న గుమ్మంలోంచి తొంగిచూసి, మధ్యాహ్నాలు ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. ఖాతాదారుతో అన్నాను. నా వెనక్కి చూసి వెళ్ళిపోయాడు.

సూది


మా ఇంటి నుంచి,
ఉత్తరం అందిన పూటే

సూదిగాడికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన కడుపు గురించి అడిగితే నీ ప్యాంటు కుట్ల సంగతి ఎందుకు చెప్పావు? నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు.

నిన్ను ఒక ప్రశ్న అడగాలని ఉంది, అడగను. అడిగితే నువ్వు లేదంటావు. చిన్నప్పుడు మోకాలు పగిలినా లేదనేవాడివి, నెత్తురు కనిపిస్తున్నా లేదనేవాడివి. అందుకే ఆయన గురించే మాట్లాడుకుందాం.

మాటిమాటికీ వెళ్తున్నాడు కాబట్టి అడ్డేమీ లేదన్నావు. తలకిందులుగా అనుకున్నావు. అంచుదాకా నిండిన కుండలోంచి కారేది కొంచెమే ఉంటుంది, కారుతూనే ఉంటుంది. లోపలి నిండుతనం తగ్గదు. మగవాళ్ళకు వయసు వచ్చాక మూత్రసంచి మెడ దగ్గర ఒక గ్రంథి ఉబ్బి దారి మూసేస్తుంది. మెల్లగా మూసుకుంటే నొప్పి కూడా ఉండదు, అదే దాని మోసం. బయటికి పోలేనిది వెనక్కి తన్ని కిడ్నీలను ఉబ్బిస్తుంది. అవి చేతులెత్తేస్తే విషమంతా రక్తంలోనే ఉండిపోతుంది. ఎక్కిళ్ళు, దురద, నోట్లో ఇనుము రుచి, చేతులు ఎగిరిపడటం అన్నీ దానివే. అది మెదడు దాకా ఎక్కితే లేనివి కూడా కనిపిస్తాయి.

ఒక పని చెయ్యి. ఆయన దొడ్డిలోంచి తిరిగిరాగానే కత్తిరించే బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టు. బొడ్డు కింద అరచేయి పెట్టి మెల్లగా నొక్కు. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా చూడు. జలుబుకు ఏమైనా బిళ్ళలు మింగుతున్నాడేమో కనుక్కో. ముక్కు ఆరబెట్టే బిళ్ళలు కొన్ని ఆ దారిని ఇంకా బిగిస్తాయి. జవాబు వెంటనే రాయి. ఆలస్యం చేశావో, బావను మంచంతో సహా మోసుకుని వచ్చేస్తాను.

పెద్దక్క


కొట్టు

అక్కా,

చేయి వణుకుతోంది. వరసలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

పడుకోమంటే పడుకున్నాడు. నువ్వు చెప్పినట్టే అరచేయి పెట్టాను. గట్టిగా ఉంది. బొడ్డు దాటి పైకి వచ్చింది. నొక్కాను. అదే క్షణంలో ఒక చల్లటి చేయి నా కడుపు మీద పడింది, బొడ్డు కింద, నేను నొక్కిన చోటే. నాకు ఒకటికి వచ్చినట్టయింది. వెళ్ళాను. రాలేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన బల్ల మీదే పడుకుని నవ్వుతున్నాడు. ఆయన నోటి వాసన మన పాత ఇంటి దొడ్డి వాసన. జలుబు బిళ్ళలు మింగుతున్నారా అని అడిగాను. నీ దగ్గరివేగా అన్నాడు. నా డబ్బా చూశాను. ఖాళీగా ఉంది.

ఇస్త్రీ ఆయన మొహం అన్నం పళ్ళెంలో కనిపించింది. తినలేదు. పగలంతా నిద్ర వస్తోంది. ఆయన మాత్రం నిద్రపోడు, పక్కనే కూర్చుని చూస్తాడు.

కోటు అయిపోవచ్చింది, తాత్కాలికంగా వేసిన టాకాలు విప్పడమే మిగిలింది. ఇక మార్చాల్సిన పని లేదన్నాడు, తన కొలతలు ఇప్పుడు నిలిచాయట. బయలుదేరదాం అన్నాడు. మీరు కదా వెళ్ళేది అన్నాను. బయలుదేరదాం అని మళ్ళీ అన్నాడు. ఎక్కడికో అడగమన్నావు. అడిగాను అక్కా. చెప్పాడు. కాగితం మీద పెట్టను.


మా ఇంటి నుంచి,
చేతికి పంపిన ఉత్తరం

నాన్నా సూదీ,

ఈ ఉత్తరం తెచ్చినావిడ నా చేతి కింద పని నేర్చుకున్న నర్సు. ఇప్పుడు మీ ఊరి పెద్దాసుపత్రిలో చేస్తోంది. ఆమెకు ఫోను చేసి చెప్పాను, ఈ నాలుగు ముక్కలు ఆమె నా నోటి మాటగా రాసుకుని తెస్తుంది. బయట బండి ఆగి ఉంది. ఎదురు చెప్పకుండా ఎక్కు.

ప్రయాణమే కదా, సరే. నువ్వు పోవాల్సింది ఆసుపత్రికి. ఆయన వస్తానంటే ఎక్కించుకో, రానంటే వదిలేసి రా. ఆయన గురించి నీతో వాదన పెట్టుకోవద్దని నర్సుకు కూడా చెప్పాను. అక్కడ డాక్టరు మూత్రం పోయే దారిలో ఒక గొట్టం వేస్తాడు. సిగ్గుపడే టైము కాదు ఇది. నేను వార్డులో వేల మంది మగాళ్ళను చూశాను, అందరూ ఒకేలా ఉంటారు, ఒకేలా సిగ్గుపడతారు.

నా తోడబుట్టినవాడివి నువ్వొక్కడివే. నాకు భయంగా ఉంది.

అక్క


పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు,
కిటికీ పక్క మంచం

పెద్దక్కకు,

నమస్కారం. చూడు, వరసలు తిన్నగా వస్తున్నాయి. చేయి నిలిచింది.

ఎలా వచ్చానో గుర్తు లేదు. డాక్టరు నా కడుపు మీద చేయి వేసి, వేలితో తట్టి, ఇదెన్నాళ్ళుగా ఉందయ్యా అని అడిగాడట. నేను ఆయన్నే అడగండి అని ఖాళీ గోడ వైపు చూపించానట. గొట్టం వేశారు. సంచి నిండింది, మార్చారు, మళ్ళీ నిండింది. చివర్లో కొంచెం ఎర్రగా వచ్చింది. ఇన్నాళ్ళు బిగదీసుకుని ఒక్కసారి వదులైతే అలా వస్తుంది, ఫరవాలేదన్నారు. రక్తంలో ఉప్పు ఒకటి మితిమీరి, గుండె ఏ క్షణమైనా ఆగిపోయేలా ఉందట. అందుకని నరానికి సూదులు. స్కానింగులో రెండు కిడ్నీలూ ఉబ్బిపోయి కనిపించాయని డాక్టరు బొమ్మ చూపించాడు. నాకైతే రెండు నల్లటి మేఘాల్లా కనిపించాయి.

అడ్డు తీసేశాక ఇక ఆగలేదు. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు రోజుల తరబడి ధారలే. లోపల ఉన్నదంతా పోయి మనిషి ఎండిపోతాడని ఒకవైపు సెలైను ఎక్కించారు, పొద్దున్నే బరువు తూచారు, రక్తం పరీక్ష మీద పరీక్ష చేశారు. మిషను మీద రక్తం కడగాల్సి వస్తుందేమో అనుకున్నారట గాని, ఆ గండం గడిచింది. అంకెలు దిగుతున్నాయి.

ఇక ఆయన సంగతి. వచ్చాడు అక్కా. ఎదుటి మంచం మీద, నేను కుట్టిన కోటు తొడుక్కుని కూర్చున్నాడు. నర్సు నా సంచి ఖాళీ చేసినప్పుడల్లా ఆయన కొంచెం తగ్గేవాడు. ముందు కడుపు దిగింది. తర్వాత మెడ. కోటు ఒళ్ళోకి కుంగిపోతుంటే కాలరులోంచి నన్ను చూసేవాడు. కోపంగా కాదు. రైలు తప్పిపోయినవాడు చూసినట్టు చూసేవాడు. ఒక మధ్యాహ్నం లేచేసరికి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడత పెట్టి ఉంది. వార్డు ఆయమ్మను అడిగితే, నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ ఆ మంచం ఖాళీయే అంది.

గ్రంథికి ఆపరేషన్ చేయాలంటున్నారు. నేను ఊ అనలేదు.

సూది


మా ఇంటి నుంచి,
గుండె కుదుటపడ్డాక

సూదిగాడికి,

చావు తప్పి కన్ను లొట్టబోయిందంటారే, అది నువ్వే. నీ తిన్నని వరసలు చూసి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. బావ విన్నాడు, విననట్టు ఊరుకున్నాడు.

ఇప్పుడు నీ తలకెక్కుతుంది గనక చెబుతున్నాను. మధ్యాహ్నం ఆయన నువ్వే. నాకు రెండో ఉత్తరంతోనే అర్థమైంది. నువ్వు అబద్ధాలాడావని అనడం లేదు. రక్తంలో విషం చేరితే మనిషి తనను తానే పరాయివాడిగా చూసుకోగలడు. ఆయన జబ్బు అనుకున్నావు గనకే ఇంత వివరంగా రాశావు. నీదని తెలిసి ఉంటే జలుబు దగ్గరే ఆగిపోయేవాడివి. నేనూ నమ్మినట్టు నటించి నీ చేత రాయించాను. నర్సు వచ్చేసరికి నువ్వు టాకాలు విప్పని కోటు తొడుక్కుని, ట్రయలు అద్దం ముందు స్టూలు మీద కూర్చున్నావు. ప్యాంటు తడిసి ఉంది. ఎదురుగా రెండో టీ గ్లాసు పెట్టి ఉంది.

గోటితో పోయేదాన్ని ఇక గొడ్డలి దాకా తెచ్చుకోకు. గొట్టం వేస్తే నీళ్ళు పోయాయి గాని, మూసుకున్న దారి మూసుకునే ఉంది. గొట్టం తీసి ఇంటికి పోతే మళ్ళీ నిండుతుంది. ఈసారి కిడ్నీలు తిరిగి రావు. కోత లేదు, కుట్లు లేవు, దారిలోంచే సన్నటి పరికరం పంపి అడ్డొచ్చిన కండను తీసేస్తారు. కుట్టేవాడివి నీకు తెలియదా, లోపల బిగిసినదాన్ని పైన ఇస్త్రీ చేస్తే సరిపోతుందా? సంతకం పెట్టు.

పెద్దక్క


పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు

పెద్దక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్కటి తప్పక చెప్పాలి. నా ట్రయలు అద్దానికి వానలు రాకముందే గుడ్డ కప్పేశాను. మొహం పీక్కుపోయి కనిపిస్తోందని చూడబుద్ధి కాలేదు. ఆ గుడ్డ ఎన్నడూ తీయలేదు. కావాలంటే నర్సునే అడుగు. మరి నేనెవరిని చూశాను?

అడిగినంత మాత్రాన నాకు పిచ్చి తగ్గలేదని అనుకోకు.

ఆపరేషన్ అంటే నాకు నొప్పి భయం కాదు. రోజూ డాక్టరు వెంట చదువుకునే పిల్లలు గుంపుగా వస్తారు. ఆడపిల్లలు కూడా ఉంటారు. దుప్పటి ఎత్తుతారు, గొట్టం చూస్తారు, మూత్రం వస్తోందా తాతా అని వార్డంతా వినేలా అడుగుతారు. జీవితమంతా ఇతరుల ఒళ్ళు కొలిచినవాణ్ణి, నా ఒళ్ళు ఎవరికీ చూపించలేదు. పెళ్ళి ఎందుకు వద్దన్నానో కూడా ఇప్పుడు నీకు తెలిసి ఉండాలి.

వచ్చే వారం గొట్టం తీసి చూస్తారట. మామూలుగా వస్తే ఇంటికి పంపుతారు, రాకపోతే ఆపరేషన్. కొలిచే సీసా ఒకటి ఇస్తారు, అందులో పట్టి చూపించాలి. పక్క మంచం అతను కొళాయి నీళ్ళలో కాస్త టీ కలిపి నింపి, నర్సును ఏమార్చి ఇంటికి పోయాడు. నేనూ అదే చేద్దామనుకుంటున్నాను. వచ్చిందని చెబుతాను. నీకు ఒక్కదానికే చెబుతున్నాను, మనసులో పెట్టుకో.

ఇవాళ మధ్యాహ్నం ఎదుటి మంచం మీద దుప్పటి మళ్ళీ నలిగి ఉంది.

సూది


మా ఇంటి నుంచి,
ఉత్తరం తీసుకెళ్ళే బస్సువాడు ఆగి ఉండగా

సూదీ,

నర్సును అడిగాను. అద్దానికి గుడ్డ కప్పే ఉందట. దుమ్ము కూడా పట్టి ఉందట. వినగానే నా వెన్నులో చలి పుట్టింది, కాదనను. అన్నేళ్ళు వార్డులో ఉన్నాను, చావు దగ్గరపడ్డవాళ్ళ మంచాల పక్కన ఖాళీ కుర్చీలు చూశాను, వాటితో వాళ్ళు మాట్లాడటం విన్నాను. అప్పుడు మందు డోసు చూసుకునేదాన్ని, కుర్చీ వైపు చూసేదాన్ని కాదు. ఇప్పుడూ చూడను. వాడెవడైతే నాకేం? నాకు కావాల్సింది నువ్వు.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. నువ్వు సీసాలో టీ నీళ్ళు పోస్తే నర్సు మోసపోతుంది, డాక్టరు మోసపోతాడు, నీ కిడ్నీలు మాత్రం మోసపోవు. పక్క మంచం అతను ఇంటికి పోయాడన్నావు. ఆ తర్వాత ఏమయ్యాడో కనుక్కున్నావా?

డాక్టరుకు నేనే ఫోను చేసి చెప్పగలను. చెప్పను. గొట్టం మీద బతికించి, గొలుసు వేసి కాపలా కాయలేను. ఈ ఒక్క మాట నీ నోటితోనే రావాలి. ఎవరైనా అడిగితే ‘నాకు మూత్రం రావడం లేదు’ అని చెప్పు. నలుగురూ వినేలా చెప్పు. ఆడపిల్లలుంటే ఉండనీ, వాళ్ళు నేర్చుకోవడానికే వచ్చారు. నువ్వు పుట్టినప్పుడు నీకు గుడ్డలు మార్చింది నేనే, నా ముందు సిగ్గుపడని దేహానికి లోకం ముందు సిగ్గెందుకు?

వాడు బయలుదేరితే ఒంటరిగా పోనీ. నువ్వు వెళ్ళకు నాన్నా. బతిమాలుకుంటున్నాను.

అక్క


పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు,
ఎండ కాసిన పొద్దున

పెద్దక్కకు,

పక్క మంచం అతని సంగతి ఆయమ్మను అడిగాను. ఆవిడ తల తిప్పుకుంది. నేను మళ్ళీ అడగలేదు.

వాళ్ళు చెప్పిన రోజు పొద్దున్నే గొట్టం తీశారు. సీసా ఇచ్చారు. వెళ్ళి నిలబడ్డాను, బొట్లు పడ్డాయి, ఆగిపోయాయి. మధ్యాహ్నం దాకా అంతే. కడుపు మెల్లగా బిగుసుకుంటోంది, ఆ బిగువు నాకు పాత చుట్టంలా తెలుసు. చేతిలో టీ గ్లాసు ఉంది, కొళాయి పక్కనే ఉంది.

అప్పుడు వచ్చాడు. ఎదుటి మంచం మీద కాదు, నా మంచం మీదే, నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పరుపు కుంగింది అక్కా, నా పాదాలు పక్కకు జరిగాయి. కోటు మళ్ళీ నిండుగా ఉంది. ‘వచ్చిందని చెప్పు. వెళ్ళిపోదాం’ అన్నాడు. ఆ గొంతులో బెదిరింపు లేదు. చాలా అలిసిపోయి ఉన్నాడు. నాకు నిజంగా జాలేసింది, వెళ్ళిపోదామనే అనిపించింది.

డాక్టరు వచ్చాడు, వెనక పిల్లలు. ఒక అమ్మాయి కాగితం పట్టుకుని, వచ్చిందా తాతా అని అడిగింది. కాళ్ళ దగ్గర కూర్చున్న ఆయన నా వైపు వంగాడు. నా పెదాలు ‘వ’ దాకా వెళ్ళాయి. నువ్వు బతిమాలుకోవడం గుర్తొచ్చింది. నువ్వు ఎవర్నీ బతిమాలిన మనిషివి కావు.

‘నాకు మూత్రం రావడం లేదు’ అన్నాను. గొంతు పెద్దదైపోయింది. వార్డంతా ఇటు తిరిగింది. మూల మంచం ముసలాయన తల ఎత్తి, ‘నాకూ రావడం లేదయ్యా, మొన్నటినుంచీ’ అన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. కాగితం మీద రాసుకుని, నా భుజం మీద చేయి వేసి, మంచి పని చేశారు తాతా అంది. పరుపు పైకి లేచింది. నేను కాళ్ళ వైపు చూడలేదు.

ఆ పూటే మళ్ళీ గొట్టం వేశారు. వారం తిరక్కుండా ఆపరేషన్ చేశారు. నడుం కింద మొద్దుబారేలా సూది వేశారు, నేను మెలకువగానే ఉన్నాను. డాక్టరు సన్నగా కూనిరాగం తీస్తూ పనిచేశాడు. కిడ్నీలు పూర్తిగా రాలేదట, సగానికి కొంచెం పైన ఆగాయట. ఉప్పు తగ్గించి, పరీక్షలకు వస్తూ, జలుబు బిళ్ళల జోలికి పోకుండా ఉంటే ఇవి నా జీవితానికి సరిపోతాయన్నాడు. పోయింది తిరిగి రాదన్నాడు. ఉన్నది చాలన్నాను.

ఈ పొద్దున గొట్టం తీసేశారు. ఒక అక్కకు ఇలాంటి ఉత్తరం రాసిన తమ్ముడు లోకంలో ఉంటాడో లేదో గాని, రాస్తున్నాను. నాకు మూత్రం ధారగా వచ్చింది. ఎన్నేళ్ళయిందో అలా వచ్చి. గోడకు చేయి ఆనించి నిలబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు.

నేను నిలబడ్డ మరుగుదొడ్డి గదికి, పక్క గదికి మధ్య సగం గోడే ఉంది. నాది మొదలైన కాసేపటికి అటువైపు కూడా ధార చప్పుడు మొదలైంది. మూల మంచం ముసలాయన అనుకున్నాను. ఇద్దరిదీ చాలాసేపు సాగింది. నాది ఆగింది, అదీ ఆగింది. అటువైపు ఎవరో హమ్మయ్య అన్నట్టు పెద్దగా ఊపిరి వదిలారు. బయటికి వచ్చి చూశాను. పక్క గది తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు, నేల పొడిగా ఉంది. ముసలాయన తన మంచం మీద గొట్టంతో నిద్రపోతున్నాడు.

నాకు భయం వేయలేదు. మధ్యాహ్నం ఆయనకీ తగ్గిందన్నమాట అనుకుని చేతులు కడుక్కున్నాను.

నీ తమ్ముడు,
సూది